ఊరికే వినే చోటికి అద్దె ఎవరు కట్టాలి?

పోయిన నెలలో నెల్లూరు ట్రంకు రోడ్డులో జరిగిన ఒక వ్యాపారుల సమావేశానికి పిలిచి, మా కేంద్రం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. మనసు బరువెక్కినవాళ్లు ఫోన్ చేస్తే పేరు అడగకుండా, తీర్పు చెప్పకుండా, తొందరపెట్టకుండా వినడమే మా పని అని, వినేవాళ్లలో ఒక్కరికీ జీతం లేదని, ఫోన్ చేసినవాళ్ల దగ్గర ఒక్క రూపాయీ తీసుకోమని చెప్పి కూర్చున్నాను. ముందు వరుసలో ఉన్న బియ్యం వ్యాపారి ఒకాయన, వయసులో నాకంటే పెద్దవారు, ఎంతో మర్యాదగా అడిగారు: “అందరూ ఊరికే చేస్తుండారు గదమ్మా, మళ్లీ మీకు డబ్బెందుకు?”

ఆ మాటలో వెటకారం లేదు. ఊళ్లో చాలామంది అడగాలనుకుని మొహమాటంతో మానుకునే ప్రశ్నను ఆయన పైకి అన్నారు. నేను అద్దె, కరెంటు అని ఏదో చెప్పి ముగించాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి, తొమ్మిదేళ్లుగా ఈ కేంద్రం జమాఖర్చులు రాస్తున్న దాన్ని అంతకంటే మంచి జవాబు చెప్పి ఉండవలసింది. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఫోన్ చేసినవాళ్ల కథ ఒక్కటి కూడా ఇందులో ఉండదు. పేరు మార్చి, ఊరు మార్చి రాసినా, అది తన మాటేనని గుర్తుపట్టే మనిషి ఒకరు ఎక్కడో ఉంటారు. చందా అడిగే ప్రతి సంస్థా ముందుగా ఒక కథ చెబుతుంది, ఒక ముఖం చూపిస్తుంది. మేము ఆ రెండూ చేయలేము. మా డబ్బు ఇబ్బందుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

లెక్కల పుస్తకంలో ఏముంది

పొగతోటకు దగ్గరలో ఒక మేడమీద మాకు రెండు గదులున్నాయి. అద్దె నెలకు 8,000 రూపాయలు. రెండు ఫోన్లకూ ఇంటర్నెట్‌కూ 1,500, కరెంటుకు 1,200, గదులు ఊడ్చి, తాళాలు చూసుకుని, రసీదులు రాసే అమ్మాయికి 7,000 అవుతాయి. శిక్షణ ఖర్చును పన్నెండు నెలలకు పంచితే 5,000, పోస్టర్లకు, ఆటోలకు 1,800, ఆడిటరు ఫీజును అలాగే పంచితే 1,500. మొత్తం 26,000. ఇంతకంటే తగ్గించడం ఎట్లాగో నాకు తెలియదు. ప్రతి ఏప్రిల్‌లోనూ ప్రయత్నిస్తూనే ఉన్నాను.

ఈ పద్దుల్లో దాతలు ఎక్కువగా అనుమానంగా చూసేది శిక్షణ. వినడానికి కూడా శిక్షణ కావాలా అంటారు. మొదటి రోజు కొత్తవాళ్లను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరు అయిదు నిమిషాలు తమకున్న ఒక చిన్న బాధ చెప్పాలి, రెండోవారు సలహా ఇవ్వకూడదు అని చెబుతాం. రెండో నిమిషం దాటకముందే గదిలో సగంమంది “మీరొక పని చేయండి” అని మొదలుపెడతారు. అందులో బడిపంతుళ్లు ఉంటారు, నర్సులు ఉంటారు, పెద్ద కుటుంబాలు నడిపిన ఆడవాళ్లు ఉంటారు. ఆ అలవాటు పోగొట్టడానికి నెలలు పడుతుంది. పైగా ఇరవై మంది శిక్షణకు వస్తే ఏడాది తిరిగేసరికి ఏడెనిమిది మంది మిగులుతారు. కొందరు బదిలీ అయి వెళతారు, కొందరికి ఇంట్లో పెద్దవాళ్లు మంచాన పడతారు, కొందరు ఇది తమవల్ల కాదని నిజాయతీగా చెప్పి దండం పెట్టి వెళతారు. కాబట్టి శిక్షణ ఒకసారి పెట్టి వదిలేసే ఖర్చు కాదు, బావిలో నీళ్లు తోడినంతసేపూ చేంతాడు మార్చుకుంటూ ఉండవలసిందే.

రెండో గది ఎందుకని అడుగుతారు. బరువైన ఫోన్ విన్న మనిషి అదే గుండెతో బస్సెక్కి కోవూరో బుచ్చిరెడ్డిపాళెమో వెళ్లకూడదు. అనుభవం ఉన్న ఇంకొకరి ముందు అరగంట కూర్చుని, తనకేమనిపించిందో చెప్పుకుని వెళ్లాలి. అది మొదటి గదిలో కుదరదు, అక్కడ ఫోన్ మోగుతూ ఉంటుంది.

మన రాష్ట్రంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. 2019 ఆగస్టు 15న గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలైనప్పటి నుంచి వాలంటీరు అంటే నెలకు 5,000 గౌరవ వేతనం తీసుకునే మనిషి అని, ఇప్పుడు ఆ వ్యవస్థ నడవకపోయినా, జనం మనసులో పడిపోయింది. మేము వాలంటీర్లమంటే “మీకూ అయిదువేలేనా?” అని అడుగుతారు. కాదంటే, అయితే ఇంకేదో లాభం ఉండి ఉంటుందన్నట్టు చూస్తారు. మావాళ్లకు కనీసం బస్సు చార్జీలైనా ఇవ్వాలని నేను చాలాకాలం వాదించాను. ఇవ్వకపోతే పూట గడిచే ఇళ్లవాళ్లే ఈ పనికి మిగులుతారు, కూలికి పోయే ఇంటి కష్టం తెలిసిన గొంతు ఫోన్‌లో ఉండదు అన్నది నా భయం. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో చార్జీ లేకపోవడంతో ఆ ఖర్చు సగం తప్పింది. మగవాళ్లకు మాత్రం అడిగినవాళ్లకు ఇస్తున్నాం. అడగడానికి సిగ్గుపడేవాళ్లు ఇంకా ఉన్నారని నాకు తెలుసు.

1953లో లండన్‌లో చాద్ వారా అనే చర్చి ఫాదర్, చనిపోవాలనుకునేవాళ్ల మాట వినే సమారిటన్స్ సంస్థను మొదలుపెట్టినప్పుడు, సలహా చెప్పేది తానేనని, వచ్చినవాళ్లకు టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి మాత్రమే మామూలు మనుషులు చాలని అనుకున్నారు. ఆ టీ ఇచ్చేవాళ్లతో మాట్లాడాకే చాలామందికి ఆయన అవసరం తీరిపోతున్నదని త్వరలోనే గమనించి, మరుసటి ఏడాది ఆ పనిని వాళ్లకే అప్పగించారు. ఈ కథను వాలంటీర్ల గొప్పదనానికి ఉదాహరణగా చెబుతారు, నిజమే. నేను చూసేది ఇంకొకటి: ఆ టీ కాచిన చోటు ఒక చర్చిది. మొదటి రోజు నుంచీ పైన ఒక కప్పు ఉంది. 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ నెలకొల్పిన ఆత్మహత్యల నివారణ సంస్థ స్నేహ ఇన్ని దశాబ్దాలు నిలిచిందంటే, వినేవాళ్ల ఓర్పు వెనుక ఎవరో ఆ కప్పును కూడా నిలబెడుతూ వచ్చారన్నమాట.

నాలుగు రోజులు మోగని ఫోన్

కొన్నేళ్ల కిందట ఒక పరిశ్రమ మాకు సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, కింద రెండేళ్లు డబ్బిచ్చింది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇట్లాంటి పనులకు ఖర్చు పెట్టాలి కదా, అందులో ఒక చిన్న ముక్క మాకు వచ్చింది. ఆ రెండేళ్లూ మేము రాజాల్లా బతికామనే చెప్పాలి. రోజుకు ఇరవైనాలుగు గంటలూ ఫోన్ తెరిచాం. పోస్టర్లు బస్టాండులోనూ, రైల్వేస్టేషన్‌లోనూ వేశాం. ఫోన్ బిల్లులు ఆ పరిశ్రమ ఆఫీసే నేరుగా కట్టేది.

మార్చి 31న ప్రాజెక్టు ముగిసింది. కృతజ్ఞతల ఉత్తరం రాశాం, వాళ్లూ శుభాకాంక్షలు చెబుతూ రాశారు. బిల్లు ఇకమీదట ఎవరు కట్టాలన్న మాట ఆ ఉత్తరాల్లో లేదు. నాకు తట్టి ఉండవలసింది, తట్టలేదు. మే నెలలో ఒక గురువారం రెండు లైన్లూ ఆగిపోయాయి. ఆ పూట కూర్చున్నవాళ్లు పుస్తకంలో ‘కాల్స్ లేవు’ అని రాసి వెళ్లారు. శుక్రవారం కూడా అదే రాశారు. ఎండలు మండిపోతున్నాయి, జనం కునుకు తీస్తున్నారేమో అనుకున్నాం. ఆదివారం సాయంత్రం ఒకమ్మాయికి అనుమానం వచ్చి తన సెల్‌తో మా నంబరుకు చేసి చూసింది.

బాకీ 1,178 రూపాయలు. అరగంటలో కట్టేశాను. ఇంటర్ సప్లిమెంటరీ పరీక్షల రోజులవి. ఆ నాలుగు రోజుల్లో మా నంబరు ఎంతమంది నొక్కారో, ఆ తర్వాత వాళ్లు ఇంకెవరికైనా చేశారో లేదో మాకు ఎప్పటికీ తెలియదు. ఆ పుస్తకంలో ‘కాల్స్ లేవు’ అన్న నాలుగు రోజుల పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. నేను వాటిని కొట్టేయలేదు.

ఆ పరిశ్రమను తప్పుపట్టను. రెండేళ్లకని చెప్పి రెండేళ్లు ఇచ్చారు. తాత్కాలికమైన డబ్బుమీద శాశ్వతమైన మాట ఇచ్చింది మేము. ‘ఎప్పుడైనా ఫోన్ చేయండి’ అని గోడమీద అంటించిన కాగితం ప్రాజెక్టు ముగిసిన రోజున తనంతట తాను రాలిపోదు.

డబ్బుతోపాటు వచ్చే షరతులు

ఆ ప్రాజెక్టు రోజుల్లోనే మూడు నెలలకొకసారి ఒక పట్టిక నింపవలసి వచ్చేది. ఎన్ని ఫోన్లు, ఎన్ని నిమిషాలు, ఎంతమందికి ‘పరిష్కారం’ దొరికింది, ఒక్కో ఫోన్‌కు ఎంత ఖర్చు. అవతలి మనిషి ఒక్క మాటా మాట్లాడకుండా ఇరవై నిమిషాలు లైన్‌లో ఉండి పెట్టేసిన ఫోన్‌ను ఆ పట్టికలో ఎక్కడ రాయాలో మాకు తెలిసేది కాదు. మావాళ్ల అనుభవంలో ఆ ఫోన్లు అన్నింటికంటే కష్టమైనవి. ‘ఇతరములు’లో వేసేవాళ్లం. అడిగేవాళ్ల తప్పు లేదు, డబ్బిచ్చినవాళ్లు లెక్క అడగాలి. ఆర్వో ప్లాంటుకు డబ్బిస్తే నీళ్లు కనిపిస్తాయి, బడికి బెంచీలిస్తే వాటిమీద పేరు కనిపిస్తుంది. మా దగ్గర కనిపించేది ఒక కుర్చీ, ఒక ఫోన్.

ఇంకొక సంగతి దీనికంటే బరువైనది. నెల్లూరు చుట్టుపక్కల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు ఎన్ని ఉన్నాయో చెప్పనక్కరలేదు. అట్లాంటి ఒక సంస్థ యజమాని మా ఏడాది ఖర్చంతా, అంటే మూడు లక్షల పైచిలుకు, తానే ఇస్తానని వచ్చారు. ఒకే ఒక కోరిక కోరారు. “మా పిల్లలెవరైనా చేస్తే పేరొద్దు మేడమ్, ఏ క్యాంపసో ఒక్క మాట చెప్పండి. వార్డెన్‌ను జాగ్రత్తగా ఉండమంటాం.” ఆయన కళ్లలో భయం ఉంది. పిల్లలమీద ప్రేమ కూడా ఉందనే నేను నమ్ముతున్నాను.

ఆ రాత్రి మా కమిటీ పదకొండింటిదాకా కూర్చుంది. ఒప్పుకుందామన్నవాళ్ల మాటలో బలం ఉంది: ఒక్క ప్రాణం నిలిచినా చాలు కదా, క్యాంపస్ పేరు చెబితే ఏం పోతుంది? ఒక బడిపంతులు చెప్పిన సంగతి చివరికి మమ్మల్ని ఆపింది. హాస్టల్లో పిల్లలు వాడుకునే ఫోన్ ఒకటో రెండో ఉంటాయి, అదీ వార్డెన్ గది పక్కన. ఏ క్యాంపస్ అని మేము చెప్పిన క్షణంలో, ఆ సాయంత్రం ఫోన్ దగ్గర నిలబడిన పిల్ల ఎవరో అక్కడ అందరికీ తెలిసిపోతుంది. రెండో రోజు నుంచి ఆ హాస్టల్ నుంచి ఎవరూ మాకు చేయరు. మేము డబ్బు వద్దన్నాం. మంచి పనే చేశామా అని ఇప్పటికీ కొన్ని రాత్రులు ఆలోచిస్తాను. చేశామనే అనుకుంటాను, కానీ అది నొప్పి లేని నిర్ణయం కాదు.

ఈ రెండింటి నుంచీ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. ఒక్కరి చేతిలోంచి వచ్చే పెద్ద డబ్బు, ఆ మనిషి ఎంత మంచివాడైనా, ఏదో ఒక రోజున ఏదో ఒకటి అడుగుతుంది. మాకు కావలసింది ఏమీ అడగడానికి వీలులేనంత చిన్న మొత్తాలు, ఒకరు మానేస్తే కూలిపోనంత ఎక్కువమంది నుంచి, నెలనెలా. ఇప్పుడు మా నియమం ఇది: రోజువారీ ఖర్చులో పదో వంతుకు మించి, అంటే ఏడాదికి 31,200 రూపాయలకు మించి, ఏ ఒక్కరి నుంచీ తీసుకోము. అంతకంటే ఎక్కువ ఇస్తామన్నవాళ్లది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి పోతుంది, ఆరునెలల ఖర్చు, అంటే 1,56,000 నిండేదాకా. ఆ డిపాజిట్ చూసి “మీకు డబ్బుందిగా” అని చందా మానుకున్నవాళ్లు ఉన్నారు. 1,178 రూపాయల సంగతి వాళ్లకు చెబుతాను.

రోజుకో రూపాయి తెలిసిన జిల్లా

నెలకు కావలసిన 26,000 రూపాయలకు మనిషికి నూరు చొప్పున అయితే 260 మంది. రోజుకో రూపాయి చొప్పున నెలకు 30 అనుకుంటే 867 మంది. ఈ రెండో లెక్క నాకు ఊరికే తట్టలేదు. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు రాత్రి బడి చదువుల్లోంచి లేచి సారా దుకాణం మూయించిన తర్వాత, ఈ జిల్లా ఆడవాళ్లే పొదుపులక్ష్మి పేరుతో రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. రాష్ట్రంలో పొదుపు సంఘాలంటే అందరూ మన జిల్లావైపు చూశారు. రూపాయితో ఏమవుతుందన్న మాటకు జవాబు చెప్పిన నేల ఇది.

పోలికను ఎక్కువ దూరం లాగకూడదని కూడా తెలుసు. పొదుపు చేసిన రూపాయి తిరిగి తన చేతికే వస్తుంది, అప్పుగానైనా వస్తుంది. మాకిచ్చింది తిరిగి రాదు. ఎవరికి ఉపయోగపడిందో కూడా ఇచ్చినవాళ్లకు తెలియదు. అన్నదానానికి ఇచ్చే మనిషి పంక్తిలో కూర్చున్నవాళ్లను చూడగలడు. మేము చూపించగలిగింది నెలాఖరున ఒక్క కాగితం: జమ ఇంత, ఖర్చు ఇంత, ఫోన్ తెరిచి ఉన్న గంటలు ఇన్ని. తెరిచి ఉండవలసిన గంటల్లో ఒక్కటి తగ్గినా ఎందుకు తగ్గిందో రాస్తాం. విచిత్రమేమంటే, ఈ కాగితం మొదలుపెట్టాక చందాలు నిలకడగా వస్తున్నాయి.

260 మందిని పట్టుకోవడం కూడా పనే, దానికీ మనిషి కావాలి అన్న అభ్యంతరం నిజమైనదే. మొదట్లో ఆటోపే పెట్టమన్నాం; తెలియకుండా డబ్బు పోతుందని చాలామంది భయపడ్డారు. ఇప్పుడు ప్రతి నెలా అయిదో తేదీన వాట్సాప్‌లో స్కానర్ బొమ్మ ఒక్కసారి పంపుతాం, రెండోసారి అడగం. నెలకు పదిమంది మరిచిపోతారు, పదిమంది కొత్తవాళ్లు చేరతారు. ఆదాయపన్నులో మినహాయింపు తెచ్చే 80జి రసీదు ఒకప్పుడు మార్చి నెలలో ఉద్యోగులను మా దగ్గరకు నడిపించేది. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు కాబట్టి ఆ వాన ఆగిపోయింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపుతామంటారు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది, మాకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల దగ్గర మాత్రం తీసుకుంటాం. ప్రేమగా ఇస్తానన్న పిల్లవాణ్ణి ముందు పాస్‌పోర్టు సంగతి అడగవలసి రావడం కష్టంగా ఉంటుంది.

రొట్టె తెచ్చేవాళ్లు

మా దగ్గర మాట్లాడి తేరుకున్నవాళ్లనే చందా అడగవచ్చు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. నేను గట్టిగా వద్దన్నాను. ఆ మనిషి మళ్లీ ఫోన్ చేయవలసిన రోజు రావచ్చు. అప్పుడు తాను బాకీ ఉన్నాననో, డబ్బిచ్చాను కాబట్టి బాగానే ఉండాలనో అనిపించకూడదు. పైగా మా దగ్గర వాళ్ల నంబర్లు ఉండవు, ఉండకూడదు.

అయితే ఆ మిత్రుడి మాటలో ఒక నిజం ఉంది. మొహర్రం రోజుల్లో, రొట్టెల పండుగకు, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి చూస్తే అది కనిపిస్తుంది. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడాది అదే రొట్టెతో తిరిగి వస్తారు: ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె. మోకాలిలోతు నీళ్లలో నిలబడి, తమలాగే వెతుక్కుంటూ వచ్చిన ఎవరో ఒకరి చేతిలో పెడతారు. పోయిన ఏడాది ఎవరు రొట్టె తీసుకున్నారో రాసిన పుస్తకం అక్కడ లేదు. రాకపోతే అడిగేవాళ్లు లేరు. అయినా లక్షలమంది వస్తారు. మా గది బయట, మెట్ల మలుపులో, లోపలివాళ్లకు కనిపించని చోట ఒక డబ్బా పెట్టించింది ఆ చెరువును చూసిన తర్వాతే. నెలకు రెండు మూడు వందలు పడతాయి. ఎవరు వేస్తారో మేము చూడము.

ఎన్ని గంటలు

ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది కదా అనే ప్రశ్న మిగిలింది. 2022 అక్టోబర్ 10న మొదలైన ఆ సేవ 14416 నంబరుమీద రాత్రింబగళ్లు తెలుగులో కూడా పలుకుతుంది, జీతం తీసుకునే శిక్షితులు ఉంటారు, అవసరమైతే వైద్యులకు కలుపుతారు. చాలా మంచి పని. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 1,70,924 మంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారని నేర గణాంకాల సంస్థ లెక్క. అంత కష్టానికి ఏ ఒక్క నంబరూ చాలదు. 2015లో పొగాకు ధర పడిపోయి పక్కనున్న ప్రకాశం జిల్లాలో రైతులు చనిపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. వేలం కేంద్రంలో బేలు ‘నోబిడ్’ అయిందంటే, ఎవరూ పాడలేదంటే, ఏమిటో, రొయ్యకు కౌంట్, అంటే అమ్మే సైజు, రాకముందే పట్టుబడి చేయవలసి వచ్చిందంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేని మనిషి అవతల ఉండడంలో ఒక తేలిక ఉంది. దానికోసమే మేము ఉండాలనుకుంటాను.

కానీ ఇరవైనాలుగు గంటలూ ఉండనక్కరలేదు. మే నెల సంగతి తర్వాత మేము సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదిదాకా మాత్రమే అని నిర్ణయించుకున్నాం. మిగిలిన వేళల్లో ఫోన్ చేస్తే 14416 చెప్పే రికార్డు వినిపిస్తుంది. దీన్ని మా వ్యవస్థాపక సభ్యురాలు ఒకామె ఇప్పటికీ ఒప్పుకోలేదు. “మనిషి కుంగిపోయేది రాత్రి రెండింటికి గదా అక్కా, ఆ వేళకు మనం లేకుంటే ఎట్టా?” అంటుంది. ఆమె అన్నది నిజం. రాత్రి రెండింటికి మేము ఉండాలంటే నెలకు 60,000 కావాలి, ఇప్పుడున్నంతమంది వాలంటీర్లు ఇంకోసారి కావాలి. ఆ రెండూ వచ్చేదాకా, ఉంటామని చెప్పిన ఆరు గంటలూ తప్పకుండా ఉండడమే నేను కోరుకునేది. ఈ విషయంలో మా ఇద్దరికీ ప్రతి కమిటీలోనూ మాట తేడా వస్తుంది. ఆమె ఆ మాట అనడం మానేయకూడదనే నా కోరిక కూడా.

ఈ నెల చందాదారులు 171 మంది, వచ్చింది 17,100 రూపాయలు. బియ్యం వ్యాపారి గారింటికి పోయిన ఆదివారం ఈ లెక్కల కాగితం తీసుకుని వెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని పద్దు పద్దూ చదివి, శిక్షణ దగ్గర ఆగి రెండు ప్రశ్నలు అడిగారు, నెలకు 200 రాసుకోమన్నారు. మెట్లు దిగుతుండగా మా ఇంటి యజమాని ఫోన్ చేశారు. వచ్చే నెల నుంచి అద్దె 9,000 అట. అంటే వంద చొప్పున ఇచ్చేవాళ్లు ఇంకో పదిమంది కావాలి.